బొట్టు పెట్టి పిలవండి, తప్పకుండా వస్తాం

ఆగస్టు దగ్గర పడుతోందంటే యూనివర్సిటీల్లో ఉపన్యాసాల సీజన్ మొదలవుతున్నట్టే. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబర్ 5న రాధాకృష్ణన్ గారి పేరు మీద టీచర్స్ డే, 9న కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం, 14న హిందీ దివస్, 21న గురజాడ జయంతి. నవంబర్ 9న ఉర్దూ వాళ్ళ రోజు, 11న మౌలానా ఆజాద్ పేరు మీద జాతీయ విద్యా దినం, ఆ నెల మూడో గురువారం ప్రపంచ తత్వశాస్త్ర దినం, ఇక ఫిబ్రవరి 21 మాతృభాషా దినం ఎలాగూ ఉంది. వీటి మధ్యలో స్మారకోపన్యాసాలు, ధర్మనిధి ఉపన్యాసాలు, బయటి నుంచి వచ్చే ప్రొఫెసర్ల స్పెషల్ లెక్చర్లు, రెండ్రోజుల జాతీయ సదస్సులు. ఒక్క హైదరాబాద్‌లోనే ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ), ఉర్దూ యూనివర్సిటీ, తెలుగు యూనివర్సిటీ ఇన్ని పెట్టుకున్నాం, వీటన్నిటిలో భాషలు, సాహిత్యం, చరిత్ర, తత్వం డిపార్ట్‌మెంట్లు కలిపి చూస్తే ఈ సీజన్‌లో ఎక్కడో ఒక చోట ఏదో ఒక ఉపన్యాసం లేని వారం ఉండదు. నా బాధంతా ఇవి జరుగుతున్నాయని ఊరికి తెలియకపోవడం గురించే.

దాచిపెడతారని అనను, పోస్టర్ వేస్తారు. పైన యూనివర్సిటీ లోగో, పక్కన నాక్ (కాలేజీలకి, యూనివర్సిటీలకి గ్రేడులిచ్చే సంస్థ) గ్రేడు, కింద వరుసగా వీసీ గారు, రిజిస్ట్రార్ గారు, డీన్ గారు, హెచ్‌ఓడీ గారు, కన్వీనర్, కో-కన్వీనర్ ఫొటోలు, మధ్యలో స్పీకర్ ఫొటో, టాపిక్ ఒక్క లైను. ఆ లైను కూడా 'తెలుగు సాహిత్యం - సమకాలీన ధోరణులు' లాంటిదే అయ్యుంటుంది. ఆయన ఏ పుస్తకం గురించి మాట్లాడబోతున్నారు, ఏ కాలం గురించి, ఇదివరకటివాళ్ళు చెప్పినదాంట్లో దేన్ని ఒప్పుకోవట్లేదు, ఇదేం ఉండదు. ఆ పోస్టర్ ముందు రోజు రాత్రి డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది, అక్కణ్ణుంచి ఇద్దరు ముగ్గురు స్టేటస్‌లో పెట్టుకుంటారు, మర్నాడు పొద్దున పదిన్నరకి సభ. నాలాంటి బయటివాళ్ళకి తెలిసేది ఒకప్పటి క్లాస్‌మేట్లు అక్కడ గెస్ట్ ఫ్యాకల్టీగా ఉన్నారు కాబట్టి, అంతే. అడుగున మాత్రం 'అందరూ ఆహ్వానితులే' అని ఉంటుంది. మన ఇళ్ళల్లో పెళ్ళికి కార్డు ఒకటి పంపేసి ఊరుకుంటే పిలిచినట్టు లెక్కా? ఇంటికొచ్చి బొట్టు పెట్టి చెప్పాలి, ముహూర్తం ఎప్పుడో, భోజనాలు ఎక్కడో చెప్పి రమ్మనాలి, అప్పుడే అది పిలుపు. ఉపన్యాసానికి కూడా రెండు వారాల ముందు తెలిస్తే ఉద్యోగం చేసేవాళ్ళు సగం రోజు సెలవు పెట్టుకుంటారు, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు ఎవరికో అప్పజెప్పి వస్తారు. ముందే చెప్పడానికి మాకూ తెలీదండీ అనే మాట నేను ఒప్పుకోను. పైన రాసిన తారీఖుల్లో ఏ ఒక్కటీ ఈ ఏడు కొత్తగా వచ్చింది కాదు, గిడుగు జయంతి ఏటా ఆగస్టు 29నే వస్తుంది, మరి స్పీకర్‌కి ఫోన్ ఆగస్టు 25న ఎందుకు వెళ్తోంది?

ఇంత పట్టుదలగా ఎందుకు చెప్తున్నానంటే, ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఒక టెక్నికల్ సెమినార్ జరిగితే బయటివాళ్ళం వెళ్ళకపోయినా ఆ పేపర్‌కి వచ్చే లోటు లేదు. హ్యుమానిటీస్ సంగతి అలా కాదు, అక్కడ చర్చకి వచ్చేదంతా బయట బతుకుతున్న సరుకు. మనం మాట్లాడే భాష, మన చెరువులు, మన గుళ్ళు, దర్గాలు, మన పెళ్ళిపాటలు, మన కులాల కథలు, మన తాతలు పాల్గొన్న పోరాటాలు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చింది, అది వ్యవసాయ పదాల మీద. తర్వాతది చేనేత మీద. ఆ పదాలు లైబ్రరీలో దొరికినవి కావు, ఊరూరా తిరిగి రైతుల దగ్గర, మగ్గాల దగ్గర కూర్చుని రాసుకొచ్చినవి. తెలుగు భాషాశాస్త్రంలో అంత పెద్ద పని జరిగిందంటే యూనివర్సిటీ ఊళ్ళోకి నడిచి వెళ్ళింది కాబట్టి. ఆ రైతు మనవడు, ఆ నేతగాడి మనవరాలు ఇవాళ హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో ఏదో ఉద్యోగం చేసుకుంటూ ఉన్నారు, వాళ్ళ వృత్తి గురించి లెక్చర్ జరుగుతుంటే వాళ్ళకి కబురు లేకపోతే ఆ లెక్చర్‌కే నష్టం అని నా వాదన. మేమొచ్చి జ్ఞానం పొందుతాం అనే ధోరణిలో నేను అడగట్లేదు, మేం లేకపోతే మీ చర్చ సగమే అని అడుగుతున్నా.

కళ్ళారా చూసింది ఒకటి చెప్తాను. కాకతీయుల నాటి చెరువుల శాసనాల మీద ఒక లెక్చర్, ఏ క్యాంపస్సో పేరు ఎందుకులెండి. స్పీకర్ చాలా బాగా చెప్పారు, పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల ఫొటోలు వేసి, శాసనాల్లో చెరువు తవ్వించినవాళ్ళని ఎట్లా పొగుడుతారు, చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో, అంటే సంతానంతో సమానమనుకున్న ఏడు పుణ్యకార్యాల్లో, ఒకటిగా ఎట్లా లెక్కపెట్టారు, చెరువు బాగోగులు చూసేవాళ్ళకి దశబంధం మాన్యాలు ఎట్లా ఇచ్చారు, ఇవన్నీ. హాల్లో ముప్పావు వంతు ఎంఏ పిల్లలు, అటెండెన్స్ షీట్ చేతులు మారుతోంది. వెనక వరసలో ఒకాయన కూర్చున్నాడు, తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాలు, వాళ్ళమ్మాయి అక్కడ పీహెచ్‌డీ చేస్తోందట, హాస్టల్‌కి ఏదో సామాను ఇవ్వడానికి వచ్చి కూతురితో పాటు కూర్చుండిపోయాడు. ప్రశ్నల టైములో ఆయన చెయ్యెత్తాడు. ఎత్తి, లేచి నిలబడి, "సార్, మా తాత నీరటోడు. చెరువుల నీళ్ళు తక్కువైన యేడు తూము ఎంత ఎత్తాలె, ఎవరి మడికి ఎంతసేపు పారాలె అన్నది ఆయన చేతులనే ఉండె. ఎంత పెద్ద రైతయినా వంతు దాటితే ఒప్పకపోతుండె. మీరు శాసనంల ఫలానాయన తవ్విచ్చిండని చెప్పిన్రు గని, తూము ఎత్తినోని సంగతి అండ్ల ఏమన్న రాసి ఉందా?" అని అడిగాడు.

స్పీకర్ ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత ఆయన్ని ముందుకొచ్చి కూర్చోమని, రాత్రిళ్ళు తూము కాపలా ఎట్లా ఉండేది, మత్తడి దూకే రోజుల్లో కట్ట మీద ఎవరెవరు పడుకునేవాళ్ళు, పంట మీద నీరటి వాటా కళ్ళంలోనే కొలిచి ఇచ్చేవాళ్ళా ఇంటికి పంపేవాళ్ళా, అన్నీ అడగడం మొదలుపెట్టారు. ఆయన చేతులతో చూపిస్తున్నాడు, తూము గుండు ఎట్లా ఎత్తుతారో, ఎన్ని వేళ్ళ మందం ఎత్తితే ఏ కాలువ దాకా నీళ్ళు పోతాయో. ఎంఏ పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఆ మధ్యాహ్నం మొత్తంలో చరిత్ర అనేది నడుస్తూ ఉన్నది ఆ పది నిమిషాలే. సరిగ్గా అప్పుడు అధ్యక్షులవారు టైమైపోయిందని మైకు తీసుకున్నారు, వందన సమర్పణ, జాతీయ గీతం, టీ. ఆయన చెప్పింది ఎవరూ రాసుకోలేదు, వీడియో తీసేవాళ్ళు అప్పటికే కెమెరా సర్దేశారు. ప్రారంభంలో మాత్రం జ్యోతి ప్రజ్వలనకి, అతిథుల్ని ఒక్కొక్కరిని వేదిక మీదికి పిలిచి బొకేలు ఇవ్వడానికి, శాలువాలకి, ఒక్కో పెద్దమనిషి రెండు ముక్కలు మాట్లాడతానని మొదలుపెట్టిన ప్రసంగాలకి గంట దాటింది. ఆ గంటలో సగం తగ్గించి ప్రశ్నలకి ఇచ్చి ఉంటే ఎంత బావుండేది అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, ఎందుకంటే ఆయన కూడా అనుకోకుండా వచ్చిన మనిషే, చెరువుల మీద మీటింగుందని ఆ చుట్టుపక్కల మండలాల్లో ముందే చెప్పి ఉంటే అట్లాంటివాళ్ళు ఎంతమంది వచ్చేవాళ్ళో.

దీనికి మేస్టార్లని తిట్టి లాభం లేదు, వాళ్ళలో చాలామంది నా కంటే ఎక్కువ బాధపడుతున్నారు. విషయం ఎక్కడుందంటే, ఉపన్యాసం ఎందుకు పెడతారన్నదాంట్లో ఉంది. యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో ప్రమోషన్లకి ఒక స్కోరు పట్టిక ఉంది, సెమినార్‌లో పేపర్ చదివినా, ఆహ్వానం మీద లెక్చర్ ఇచ్చినా విదేశంలో అయితే 7, దేశంలోనే అంతర్జాతీయ స్థాయిదైతే 5, జాతీయ స్థాయిదైతే 3, రాష్ట్ర స్థాయి లేదా యూనివర్సిటీ స్థాయిదైతే 2. ఇది చూశాక ప్రతి చిన్న కాలేజీలో జరిగే సదస్సు కూడా బ్యానర్ మీద జాతీయ సదస్సో అంతర్జాతీయ సదస్సో ఎందుకవుతుందో అర్థమైపోతుంది. మాట్లాడినవాళ్ళకి పాయింట్లున్నాయి, నిర్వహించిన డిపార్ట్‌మెంట్‌కి నాక్ టీమ్ వచ్చినప్పుడు చూపించడానికి ఫొటోలు, సర్టిఫికెట్లు, రిపోర్టు ఉంటాయి. ఎవరు విన్నారు, ఏం అడిగారు, విన్నాక ఏమైంది అన్న కాలమ్ ఏ ఫారంలోనూ లేదు. దేనికి కాలమ్ ఉందో ఆ పనే జరుగుతుంది. రెండ్రోజుల్లో అరవై పేపర్లు పెట్టి ఒక్కొక్కరికి ఏడు నిమిషాలిచ్చి, చదవడం అయ్యీ కాకముందే బెల్లు కొట్టే సదస్సు కంటే, ఒక్క మనిషి గంటసేపు మాట్లాడి ఇంకో గంట జవాబులు చెప్పే సాయంత్రం నాకు వంద రెట్లు మేలు అనిపిస్తుంది, కానీ పట్టికలో ఆ రెండోది జాతీయ స్థాయి బ్యానర్ లేకపోతే 2 దగ్గరే ఆగిపోతుంది.

జనం రారండీ అంటారు. ఇది నేను చాలా చోట్ల విన్నాను, ప్రతిసారీ కోపం వచ్చింది. జనం రావట్లేదా? బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పుస్తకావిష్కరణ సభలు చూడండి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ చూడండి, రవీంద్రభారతి చూడండి, బంజారాహిల్స్‌లో లమకాన్ చూడండి, డిసెంబర్‌లో బుక్ ఫెయిర్‌కి వచ్చే జనాన్ని చూడండి, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మరీ వస్తారు. డాలస్‌లో తెలుగువాళ్ళు 'నెల నెలా తెలుగు వెన్నెల' అని సంవత్సరాల తరబడి నెలకో సాహిత్య సభ నడుపుతున్నారు, డెట్రాయిట్‌లో లిటరరీ క్లబ్ వాళ్ళు 1998 నుంచి పుస్తకాల మీద కూర్చుని చర్చిస్తున్నారు, ఉద్యోగాలు చేసుకుంటూ, మంచులో కార్లు నడుపుకుంటూ. మనవాళ్ళకి సభ అంటే ఈనాటి ఇష్టం కాదు. నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యంలో సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద ముందస్తు అనుమతి కావాల్సి వచ్చేది, ఆ కట్టుబాట్ల మధ్యే గ్రంథాలయాల పేరుతో, వార్షికోత్సవాల పేరుతో జనం ఒక చోట కూడి మాట్లాడుకునేవాళ్ళు. 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఇప్పటికీ సుల్తాన్ బజార్‌లో ఉంది. అనుమతి తీసుకుని భయం భయంగా సభలకి పోయిన జనం మనవలు, ఉచితంగా ఏసీ హాల్లో కూర్చోబెడతామంటే రారా? వస్తారు. ఎప్పుడు, ఎక్కడ, దేని గురించి అని తెలియాలి, తెలిసిన భాషలో ఉండాలి.

భాష దగ్గరికొచ్చాం కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్పాలి. తెలుగు కవిత్వం మీద, తెలంగాణ చరిత్ర మీద, మన జానపద కథల మీద లెక్చర్లు ఇంగ్లీషులో జరుగుతుంటాయి, స్పీకర్ తెలుగువాడు, వినేవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు, అయినా ఇంగ్లీషే. ఇందులో న్యాయమైన కారణం కొంత ఉంది. సెంట్రల్ యూనివర్సిటీలో కేరళ పిల్లలుంటారు, బెంగాల్ నుంచి, అస్సాం నుంచి వచ్చినవాళ్ళుంటారు, వాళ్ళకి అర్థం కావాలి, అది కాదనను. కానీ అదే న్యాయం బయటి నుంచి వచ్చిన తెలుగు మనిషికి ఎందుకు వర్తించదు? 1921 నవంబర్‌లో ఇదే హైదరాబాద్‌లో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలు శ్రద్ధగా విన్న ఆ సభ, ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోతే గేలి చేసింది. ఆ అవమానంతో తెలుగువాళ్ళు కొందరు అప్పటికప్పుడు విడిగా కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు, అది పెరిగి పెరిగి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ దాకా వెళ్ళింది, ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే. ఇవాళ ఎవరూ తెలుగులో ప్రశ్న అడిగినవాళ్ళని గేలి చెయ్యరు, చాలా మర్యాదగా వింటారు. కాకపోతే అడగాలనుకున్న మనిషే లేవడు, పక్కవాడితో గుసగుసగా చెప్పి ఊరుకుంటాడు, నేను పక్కనే కూర్చుని విన్నవి ఎన్నో ఉన్నాయి, వేదిక మీద జరిగిన చర్చ కంటే బాగున్నవి.

ఇంకో మాట. మన భాషలో పెద్ద చదువు విషయాలు చెప్పడం కుదరదనేవాళ్ళు ఈ నగరంలో మొదటి యూనివర్సిటీని ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఉస్మానియా 1918లో మొదలైనప్పుడు బోధనా భాష ఉర్దూ. అంతకు ముందు ఏడే అనువాదాల కోసం దారుల్ తర్జుమా అని ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టి చరిత్ర, తత్వం, సైన్సు, న్యాయశాస్త్రం పుస్తకాలన్నీ ఉర్దూలోకి తెప్పించారు. అందులో తెలుగు పిల్లలకి జరిగిన అన్యాయం వేరే చర్చ, నేను దాన్ని తక్కువ చెయ్యట్లేదు. కానీ తలచుకుంటే ఒక దేశభాషలో యూనివర్సిటీ మొత్తం నడపొచ్చని వందేళ్ళ కిందటే ఈ ఊళ్ళో చేసి చూపించారు, మనం అడుగుతున్నది ఒక్క గంట ఉపన్యాసం. స్పీకర్ ఇంగ్లీషులోనే మాట్లాడనివ్వండి, తలుపు దగ్గర ఒక పేజీ తెలుగు సారాంశం జిరాక్స్ పెట్టండి, ప్రశ్నలు ఏ భాషలోనైనా అడగొచ్చని అధ్యక్షులు మొదట్లోనే చెప్పాలి, తెలుగులో, ఉర్దూలో అడిగినదాన్ని ఒక స్కాలర్ లేచి ఇంగ్లీషులో చెప్పాలి. అనువాద అధ్యయనాలకి ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉన్న యూనివర్సిటీలో ఇది ఆ పిల్లలకి ప్రాక్టికల్ కూడా అవుతుంది. విడిగా డబ్బేం అక్కర్లేదు.

తర్వాత చోటు. సెంట్రల్ యూనివర్సిటీ గచ్చిబౌలి క్యాంపస్ రెండు వేల ఎకరాలు పైమాట, మెయిన్ గేట్ దగ్గర బస్సు దిగినవాళ్ళు లోపల హాలు దాకా చేరడమే ఒక పని. ఇక గేటు దగ్గర సెక్యూరిటీ, ఇది ఏ క్యాంపస్‌కైనా ఉన్నదే, ఎవరిని కలవాలి, ఐడీ ఏది, ఎవరు పిలిచారు. పోస్టర్ చూపిస్తే డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చెయ్యమంటారు, సభ మొదలయ్యే టైముకి డిపార్ట్‌మెంట్‌లో ఎవరు ఫోనెత్తుతారు? నా ముందే ఒక పెద్దాయన, రిటైర్డ్ హిందీ పండిట్ అనుకుంటా, పావుగంట నిలబడి వెనక్కి వెళ్ళిపోయారు. 'అందరూ ఆహ్వానితులే' అన్న పోస్టర్ కాపీ ఒకటి పొద్దున్నే గేటు దగ్గర ఇచ్చి, ఈ సభకి వచ్చినవాళ్ళని రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని పంపండి అని ఒక్క మాట చెప్తే ఆయన లోపలికి వచ్చి ఉండేవారు.

టైము సంగతి ఇంకా కష్టం. పనిరోజు పొద్దున పదిన్నరకో మధ్యాహ్నం మూడింటికో పెడితే రిటైరైనవాళ్ళు తప్ప బయటివాళ్ళెవరూ రాలేరు. సాయంత్రం ఆరింటికి పెట్టమని సులువుగా అనేయొచ్చు, కానీ ఎనిమిదింటికి సభ అయ్యాక ఆడవాళ్ళం ఆ చెట్ల మధ్య నుంచి గేటు దాకా నడిచి, అక్కడ బస్సు కోసం నిలబడి, ఉప్పల్‌కో దిల్‌సుఖ్‌నగర్‌కో చేరేసరికి ఎంతవుతుంది? అందుకే నాకు ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది, క్యాంపస్‌కి ఊరు రాలేకపోతే క్యాంపస్ ఊళ్ళోకి రావచ్చు కదా. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత కేంద్రం తెచ్చిన ఆరు సూత్రాల పథకం వల్ల 1974లో సెంట్రల్ యూనివర్సిటీ వచ్చినప్పుడు అది మొదలైంది గచ్చిబౌలిలో కాదు, ఆబిడ్స్‌లో గోల్డెన్ త్రెషోల్డ్‌లో. సరోజినీ నాయుడు ఇల్లు అది, వాళ్ళ నాన్న అఘోరనాథ్ చటోపాధ్యాయ గారి కాలం నుంచీ రకరకాల మనుషులు వచ్చి వాదించుకుని వెళ్ళిన ఇల్లు. నాంపల్లి స్టేషన్ దగ్గర, మెట్రో దగ్గర, సిటీలో ఏ మూల నుంచైనా వచ్చి పోవచ్చు. నెలలో ఒక శనివారం సాయంత్రం హ్యుమానిటీస్ వాళ్ళ ఉపన్యాసం ఒకటి అక్కడ జరిగితే నేను ఏడాది పొడుగునా ఒక్కటి కూడా వదలను. అక్కడ వీలు కాకపోతే తిలక్ రోడ్డులో సారస్వత పరిషత్తు ఉంది, 1943లో తెలుగు కోసమే పుట్టిన సంస్థ. నాంపల్లిలో తెలుగు యూనివర్సిటీ ఆవరణలో ఎన్టీఆర్ కళామందిరం ఉంది. హాళ్ళకి కరువు లేదు, రెండు సంస్థలు ఒక టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడుకోవడానికే కరువు.

పారిస్‌లో కాలేజ్ ద ఫ్రాన్స్ అని ఉంది, 1530 నాటిది, అక్కడ పేరు నమోదు లేదు, ఫీజు లేదు, పరీక్ష లేదు, డిగ్రీ ఇవ్వరు, ఎవరైనా తలుపు తోసుకుని వెళ్ళి కూర్చుని వినొచ్చు. లండన్‌లో గ్రెషమ్ కాలేజీ 1597 నుంచి ఊరివాళ్ళకి ఉచితంగా ఉపన్యాసాలు ఇస్తోంది. వాళ్ళకి డబ్బుంది, చరిత్ర ఉంది, మనకి లేవు అని అనుకోనక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టి పదేళ్ళు కూడా కాకముందే, రాధాకృష్ణన్ గారు వైస్ ఛాన్సలర్‌గా ఉండగా, 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ వాల్తేరుకి వచ్చి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి పేరు మీద ఉన్న ఉపన్యాసాలు ఇచ్చారు. మనిషి అంటే ఏమిటి అన్నదే విషయం. ఆ ఉపన్యాసాల్ని యూనివర్సిటీయే 1937లో చిన్న పుస్తకంగా వేసింది, అందుకే ఆ సాయంత్రం హాల్లో లేనివాళ్ళం కూడా తొంభై ఏళ్ళ తర్వాత చదువుకోగలుగుతున్నాం. ధర్మనిధి ఉపన్యాసం అన్న ఏర్పాటులో నాకు నచ్చేది ఇదే. ఎవరో ఒక కుటుంబం వాళ్ళ పెద్దాయన పేరు మీద డబ్బు కట్టి, దాని వడ్డీతో ఏటా ఒకరిని పిలిచి మాట్లాడించండి, దాన్ని అచ్చు వెయ్యండి అని యూనివర్సిటీకి అప్పజెప్పారు. అది వాళ్ళు ఊరికి ఇచ్చిన కానుక, యూనివర్సిటీ మధ్యవర్తి మాత్రమే.

ఇప్పుడు అచ్చు సంగతి దేవుడెరుగు, రికార్డింగ్ కూడా నిలవట్లేదు. కరోనా టైములో వెబినార్లు విపరీతంగా పెట్టారు, అప్పట్లో అనంతపురంలో, శ్రీకాకుళంలో, సింగపూర్‌లో కూర్చుని కూడా ఒకే ఉపన్యాసం విన్నాం, అడిగాం, అది నిజంగా మంచి కాలం ఈ ఒక్క విషయంలో. క్లాసులు మళ్ళీ మొదలవగానే లైవ్ ఆపేశారు. ఉన్న వీడియోలకి పేరు ఉండదు, 'డే 2 సెషన్ 3' అని ఉంటుంది, లోపల నలభై నిమిషాలు సన్మానం దాటాక అసలు మాట వస్తుంది, మైకు సౌండ్ సరిగా ఉండదు. స్పీకర్ పేరు, విషయం తెలుగులో రాసి, సన్మానం భాగం కోసేసి పెడితే చాలు, మన ఊళ్ళల్లో డిగ్రీ కాలేజీ లెక్చరర్లకి, గ్రూప్స్‌కి చదివే పిల్లలకి, బడి పంతుళ్ళకి అది పాఠమవుతుంది. వీడియోతో పాటు ప్రశ్నలు జవాబులు కూడా ఉంచాలి, నా దృష్టిలో ఉపన్యాసం కంటే అవే ముఖ్యం. ఆ నీరటి మనవడు మాట్లాడిన పది నిమిషాలు నాకు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి?

ఉపన్యాసకులకి కూడా ఒక మనవి ఉంది. పీపీటీ చదవకండి. మేం చదువుకోగలం, మీ మాట వినడానికి వచ్చాం. మీకు తేలని విషయం ఏదైనా ఉంటే అదే ముందు చెప్పండి, ఇక్కడ నాకు ఆధారం దొరకలేదు, మీలో ఎవరికైనా తెలుసా అని అడగండి. పెళ్ళిపాటల మీద మాట్లాడేవాళ్ళు అట్లా అడిగితే హాల్లో కనీసం ఇద్దరు అమ్మమ్మలు పాడి వినిపిస్తారు, నేను పందెం కడతాను, వాళ్ళకి కబురు అంది ఉండాలి అంతే.

ఈ ఆగస్టు 29 సభల కోసం నాకు తెలిసిన డిపార్ట్‌మెంట్ల వాళ్ళకి ఇప్పటికే మెసేజీలు పెట్టాను, ఇక్కడ కూడా రాస్తున్నాను, చదివేవాళ్ళలో మేస్టార్లు, స్కాలర్లు ఉంటారు కాబట్టి. స్పీకర్ ఖాయం కాగానే పేరు, విషయం, ఆయన ఏం చెప్పబోతున్నారో ఇంగ్లీషులోనైనా సరే నాలుగు వాక్యాలు నాకు పంపండి. దాన్ని తెలుగులో రాసి, ఏ బస్సు దిగాలి, ఏ గేటు, హాలు ఎటు, ఎంత సేపు, అన్నీ కలిపి ఒక పేజీ చేసే పని నేను చేస్తాను. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దుట నుంచి రాత్రి దాకా వందల మంది పిల్లలు కాంపిటీటివ్ పరీక్షలకి చదువుతుంటారు, అక్కడి నోటీసు బోర్డుకి ఒకటి, భాషానిలయానికి ఒకటి, సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి ఒకటి నేనే పట్టుకెళ్ళి ఇస్తాను. వరంగల్‌లో, విశాఖలో, తిరుపతిలో ఇదే పని చెయ్యగలిగినవాళ్ళు ఉంటే కామెంట్‌లో మీ ఊరి పేరు పెట్టండి, జూలై నెలాఖరుకల్లా కలిసి ఒక జాబితా చేసుకుందాం, నా దగ్గర ఇప్పటికి రెండు సభల వివరాలు వచ్చాయి, రెండూ శనివారమే, ఒకటి మధ్యాహ్నం రెండున్నరకి.